మెదడు లింఫోమా: కారిడార్లో ఆపి అడిగే ప్రశ్నలు

రౌండ్స్ ముగించి బయటికొస్తుంటే కారిడార్లో ఎవరో ఒకరు ఆపుతారు. పేషెంట్ ముందు అడగలేక దాచుకున్న ప్రశ్నలన్నీ అక్కడ బయటికొస్తాయి. అలా మళ్లీ మళ్లీ విన్నవాటికి తీరిగ్గా జవాబులు రాద్దామనిపించింది. ఇది చదివి మందులు మార్చకండి, ఆపకండి. మీ డాక్టర్ని ఏం అడగాలో తెలిస్తే చాలు.

లింఫోమా అంటే మెడలోనో చంకలోనో గడ్డలు కదా, మెదడులో ఏమిటి?

లింఫోసైట్లు తెల్ల రక్తకణాల్లో ఒక రకం. వాటికి వచ్చే క్యాన్సరే లింఫోమా. మామూలుగా అది లింఫు గ్రంథుల్లో బయటపడుతుంది. ఈ అరుదైన రకం మాత్రం మెదడు, వెన్నుపాము, కంటి లోపలి భాగం, మెదడు చుట్టూ ఉండే పొరలు, నీరు, ఇంతవరకే ఉంటుంది. మొదట గుర్తించేటప్పటికి ఒంట్లో ఇంకెక్కడా కనిపించదు. అందుకే దీన్ని ప్రైమరీ సీఎన్‌ఎస్ (కేంద్ర నాడీ వ్యవస్థ) లింఫోమా అంటారు. మెదడులోనే పుట్టే గడ్డల్లో దీని వాటా సుమారు 4 శాతం. మైక్రోస్కోప్ కింద చూస్తే నూటికి తొంభైకి పైగా 'డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్' రకమే.

ఇంతకీ ఇది బ్రెయిన్ క్యాన్సరా, బ్లడ్ క్యాన్సరా అంటారు. పుట్టుక రక్తకణానిది, కాపురం మెదడులో. అందుకే న్యూరోసర్జన్ దగ్గర మొదలైన కేసు హెమటాలజిస్టు దగ్గరికో, మెడికల్ ఆంకాలజిస్టు దగ్గరికో చేరుతుంది. డాక్టర్లకు కూడా దీని సంగతి అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. 1929లో పెర్సివల్ బెయిలీ దీన్ని వర్ణించినప్పుడు సార్కోమా అన్నారు. ఆ తర్వాత మైక్రోగ్లియోమా అన్నారు. పాత పుస్తకాల్లో ఈ పేర్లు కనబడితే కంగారు పడకండి, అన్నీ ఇదే జబ్బు.

ఎందుకొచ్చింది? పిల్లలకీ వస్తుందా?

60 దాటినవాళ్లలో ఎక్కువగా చూస్తాం. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకు, అంటే చికిత్స అందని హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, అవయవ మార్పిడి తర్వాత మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. వాళ్లలో ఎప్‌స్టీన్-బార్ వైరస్ పాత్ర ఉంటుంది. మిగతావాళ్లలో ఫలానా కారణం అని చూపించలేం. వంశపారంపర్యంగా వచ్చేది కాదు, అంటుకునేది కాదు. "నేను పెట్టిన టెన్షన్ వల్లే వచ్చిందా?" అని కళ్లనీళ్లు పెట్టుకునే కొడుకులున్నారు. కాదు బాబూ, ఆ బరువు దించేసుకోండి.

మొదట్లో ఎలా తెలుస్తుంది?

తలనొప్పితోనే మొదలవుతుందని అందరూ అనుకుంటారు. చాలామందిలో మాత్రం మనిషి మారిపోవడం ముందు కనిపిస్తుంది. "ఆయన ఆయనలా లేరు డాక్టర్" అంటుంది భార్య. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి కూడిక దగ్గర ఆగిపోతాడు, అడిగిందే అడుగుతాడు, ఏ విషయమూ పట్టనట్టు కూర్చుంటాడు. డిప్రెషన్ అనో, వయసు మీద పడిందనో కొన్ని వారాలు గడిచిపోతాయి. తర్వాత ఒక చెయ్యి, కాలు బలహీనపడటం, మాట తడబడటం, నడకలో తూలడం, తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఈ గడ్డ ఎక్కువగా మెదడు లోతుల్లో ఉంటుంది కాబట్టి ఫిట్స్ మిగతా మెదడు గడ్డలంత తరచుగా రావు. జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బరువు తగ్గడం వంటి మామూలు లింఫోమా లక్షణాలు ఇందులో అరుదు.

కొందరికి కంటి ముందు చుక్కలు తేలుతున్నట్టు, చూపు మసకబారినట్టు ఉంటుంది. కంటివాపు అని నెలల తరబడి చుక్కల మందు వాడి, తగ్గక, చివరికి ఇది బయటపడిన సందర్భాలున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది వేగం. మామూలు మతిమరుపు ఏళ్ల మీద ముదురుతుంది. ఇది వారాల్లో ముదురుతుంది.

స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వగానే రెండు రోజుల్లో లేచి కూర్చున్నారు. ఇంకా బయాప్సీ ఎందుకు?

నన్నడిగితే మిగతావన్నీ వదిలేసినా ఈ ఒక్క జవాబు చదవాలి.

మెదడులో గడ్డ, చుట్టూ వాపు కనిపిస్తే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం డాక్టర్లకు అలవాటు. చాలా గడ్డల విషయంలో అది సరైన పనే, వాపు తగ్గుతుంది. లింఫోమాలో మాత్రం స్టెరాయిడ్ వాపుతో ఆగదు, క్యాన్సర్ కణాలనే చంపుతుంది. రోజుల్లోనే గడ్డ కుంచించుకుపోవచ్చు, ఒక్కోసారి స్కాన్‌లో మాయమైపోతుంది కూడా. 'ఘోస్ట్ ట్యూమర్' అన్న పేరు అలాగే వచ్చింది. ఇంట్లోవాళ్లకు పండగే. పాథాలజిస్టుకు మాత్రం చిక్కు. అప్పుడు తీసిన ముక్కలో చచ్చిన కణాలు, వాపు కణాలు తప్ప జబ్బు పేరు చెప్పగలిగేది దొరకకపోవచ్చు. కొన్ని వారాలకో నెలలకో గడ్డ మళ్లీ వస్తుంది. పోయిన కాలం మాత్రం తిరిగి రాదు.

ఒక కుటుంబం మూడు స్కాన్లు వరుసగా లైట్‌బాక్స్ మీద పెట్టించి చూపించమంది. మొదటిదాంట్లో జఠరికల (మెదడు లోపలి నీటి గదుల) పక్కన తెల్లగా మెరిసే ముద్ద. రెండోది స్టెరాయిడ్ తర్వాత పది రోజులకు తీసింది, అందులో చిన్న మచ్చ మిగిలింది. మూడోది రెండు నెలల తర్వాతిది, అటు పక్క కొత్త ముద్ద. "మధ్యది చూసి నయమైపోయిందని ఊరికెళ్లిపోయాం" అన్నాడు పెద్దకొడుకు. వాళ్ల తప్పేం లేదు, అది జబ్బు లక్షణమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి స్కాన్‌లో లింఫోమా అనుమానం ఉంటే, పేషెంట్ పరిస్థితి ఆగగలిగేలా ఉంటే, ముందు బయాప్సీ, ఆ తర్వాతే స్టెరాయిడ్. మెదడులో ఒత్తిడి పెరిగి ప్రాణం మీదికొస్తే ఈ నియమం పక్కన పెట్టాల్సిందే, అప్పుడు స్టెరాయిడ్ ఆపడం నేరం. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే? బయాప్సీకి దారి మూసుకుపోయినట్టు కాదు. గడ్డ ఇంకా కనబడుతుంటే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. పూర్తిగా మాయమైతే స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి, దగ్గరదగ్గరగా స్కాన్లు తీస్తూ, తలెత్తగానే ముక్క తీస్తారు. మీ అంతట మీరు మాత్రం స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపకండి, అది వేరే ప్రమాదం.

ఎమ్మారైలోనే లింఫోమా అని రాశారుగా?

రిపోర్టు మళ్లీ చదవండి, 'అనుమానం' అనో 'కావచ్చు' అనో ఉంటుంది. ఎమ్మారైలో దీనికి కొన్ని ఆనవాళ్లున్నాయి. రంగుమందు ఎక్కించాక గడ్డంతా ఒకే తీరుగా మెరవడం, జఠరికల పక్కన లేదా రెండు అర్ధగోళాలను కలిపే వంతెనలో ఉండటం, డిఫ్యూజన్ చిత్రంలో చిక్కగా కనిపించడం. అయినా గ్లియోబ్లాస్టోమా అనే మరో మెదడు క్యాన్సర్, వేరేచోటి నుంచి పాకిన క్యాన్సర్, టీబీ గడ్డ, మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఇలా మోసం చేయగలవు. వీటి చికిత్సలకు పొంతనే లేదు. ముక్క చూడకుండా భారీ కీమో మొదలుపెట్టడం చీకట్లో రాయి విసరడమే.

అరుదుగా బయాప్సీ అవసరం పడదు. వెన్నులో తీసిన నీటిలోనో, కంటిలోంచి తీసిన ద్రవంలోనో లింఫోమా కణాలు స్పష్టంగా దొరికితే చాలు. వెన్నునీటిలో ఎంవైడీ88 జన్యుమార్పు, ఇంటర్‌ల్యూకిన్-10 అనే ప్రోటీన్ స్థాయి చూసే పరీక్షలు కూడా కొన్ని కేంద్రాల్లో చేస్తున్నారు. సాయపడతాయి.

బయాప్సీ అంటే తల తెరుస్తారా? గడ్డ మొత్తం తీసేస్తే పోదా?

స్టీరియోటాక్టిక్ బయాప్సీలో స్కాన్ కొలతలతో గురి చూసి, పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, సన్నటి సూదితో ముక్కలు తీస్తారు. రక్తస్రావం ప్రమాదం కొద్దిగా ఉంటుంది, అది అబద్ధం చెప్పి లాభం లేదు.

మొత్తం తీయడం విషయానికొస్తే, లింఫోమా గోడ కట్టుకుని ఒకచోట కూర్చునే గడ్డ కాదు. స్కాన్‌లో కనిపించే ముద్ద చుట్టూ, ఒక్కోసారి చాలా దూరం వరకు, రక్తనాళాల వెంట కణాలు పాకి ఉంటాయి. లోతుల్లో కత్తి పెడితే మాట, కదలిక పోవచ్చు. పైగా ఇది మందుకు కరిగే జబ్బు. అందుకే ప్రాణాపాయం కలిగించే ఒత్తిడి ఉంటే తప్ప పెద్ద ఆపరేషన్ చేయరు. "సర్జన్ చేతులెత్తేశారు" అని చెప్పుకుంటారు గానీ, ఇక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవడమే మంచి వైద్యం.

తలలో జబ్బుకు ఒళ్లంతా పరీక్షలెందుకు?

వేరేచోట పుట్టిన లింఫోమా మెదడుకు పాకిందేమో చూడాలి. అలా అయితే చికిత్స మారిపోతుంది. అందుకే ఒళ్లంతా పెట్ సీటీ లేదా సీటీ, అవసరమైతే ఎముక మజ్జ పరీక్ష చేస్తారు. కళ్లు బాగానే కనిపిస్తున్నా స్లిట్ ల్యాంప్‌తో కంటి పరీక్ష తప్పదు. ఒత్తిడి ప్రమాదం లేకపోతే వెన్నునీరు కూడా తీస్తారు. మగవాళ్లకు వృషణాల అల్ట్రాసౌండ్ అంటే నవ్వొస్తుంది, కొందరికి కోపం కూడా. రోగనిరోధక కణాల కాపలా పలుచగా ఉండే చోట్లు మెదడు, కంటి లోపలి భాగం, వృషణాలు. అక్కడ పుట్టే లింఫోమాలు ఒకదానికొకటి చుట్టాల్లాంటివని తేలాక, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ వాటిని ఒకే గుంపులో పెట్టింది. అదీ ఆ స్కాన్ వెనకున్న కథ.

రక్తంలో హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి చూస్తారు. బీ-సెల్ లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తే నిద్రపోతున్న హెపటైటిస్-బి మేల్కొంటుంది. కిడ్నీల పనితీరు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో కిందే ఉంది.

మా బంధువుకు లింఫోమాకు ఆర్-చాప్ ఇచ్చారు, బాగున్నారు. మాకు అది ఎందుకివ్వరు?

ఆర్-చాప్ అంటే మామూలు లింఫోమాకు ఇచ్చే కొన్ని మందుల కలయిక. మెదడులోని రక్తనాళాల గోడలు చాలా మందులను లోపలికి రానివ్వవు. ఆర్-చాప్‌లోని ముఖ్యమైన మందులు ఆ గడప దాటలేవు. మెథోట్రెక్సేట్‌ను మామూలు మోతాదులో ఇచ్చినా అంతే. భారీ మోతాదులో, కొద్ది గంటల్లో ఎక్కిస్తే మాత్రం మెదడులోకి తగినంత చేరుతుంది. అందుకే శరీర ఉపరితలం చదరపు మీటరుకు 3 గ్రాములు, అంతకు పైన ఇస్తారు. చికిత్సకు వెన్నెముక ఇదే. దీనికి సైటరాబిన్, థయోటెపా, ప్రోకార్బజీన్, టెమోజోలోమైడ్ వంటివాటిలో కొన్ని జోడిస్తారు.

2016లో వెలువడిన ఐఈఎల్‌ఎస్‌జీ32 అధ్యయనంలో మెథోట్రెక్సేట్, సైటరాబిన్‌లకు రిటుక్సిమాబ్, థయోటెపా కలిపిన మ్యాట్రిక్స్ పద్ధతిలో 49 శాతం మందికి జబ్బు పూర్తిగా కనబడకుండా పోయింది. రెండు మందులే ఇచ్చినవాళ్లలో అది 23 శాతం. అయితే అందులో చేర్చుకున్నది 70 ఏళ్ల లోపువాళ్లను, అందరూ తట్టుకోలేదు కూడా. రిటుక్సిమాబ్ వల్ల ఎంత లాభమన్నది ఇంకా వాదనలోనే ఉంది. 2019లో వచ్చిన హోవన్ 105 అధ్యయనంలో స్పష్టమైన తేడా కనబడలేదు. ఎక్కువమంది డాక్టర్లు ఇస్తూనే ఉన్నారు, నేనూ ఇస్తాను.

మెథోట్రెక్సేట్ కీళ్లవాతం మాత్ర కదా?

అవును, మందు అదే. కీళ్లవాతానికి వారానికోసారి, ఉదాహరణకు 15 మిల్లీగ్రాములు వేసుకుంటారు. ఇక్కడ చదరపు మీటరుకు 3.5 గ్రాముల లెక్కన, 1.7 చదరపు మీటర్ల మనిషికి దాదాపు 6 గ్రాములు. అంటే సుమారు 400 రెట్లు. విరుగుడు లేకుండా ఇస్తే అది ప్రాణాంతకం. అందుకే 24 గంటల తర్వాత నుంచి ల్యూకోవొరిన్ ఇస్తారు. అది మామూలు కణాలను కాపాడుతుంది. గంట తప్పినా ఊరుకోకూడని మందు ఇది.

రాత్రిపూట వార్డులో ఓ దృశ్యం. సెలైన్ ధారగా వెళ్తుంటుంది, అందులో సోడియం బైకార్బొనేట్. పేషెంట్ మూత్రం పోసిన ప్రతిసారీ నర్సు చిన్న కాగితం పట్టీ ముంచి, రంగును డబ్బా మీది చార్టుతో పోల్చి చూసి, పీహెచ్ 7 కన్నా తగ్గితే ఇంకో ఆంప్యూల్ కలుపుతుంది. మూత్రంలో ఆమ్లం ఉంటే ఈ మందు స్ఫటికాలుగా మారి కిడ్నీ గొట్టాల్లో పేరుకుపోతుంది. అందుకే నిద్రలేపి మరీ ఈ పరీక్ష. విసుక్కోకండి, మూత్రం పారబోసే ముందు కొలిచి రాయండి. రోజూ రక్తంలో మందు స్థాయి చూసి, అది భద్రమైన అంకెకు దిగాకే ఇంటికి పంపుతారు. కిడ్నీలు దెబ్బతిని మందు పేరుకుపోతే దాన్ని రక్తంలోనే ముక్కలు చేసే గ్లూకార్పిడేస్ అనే మందుంది.

మెథోట్రెక్సేట్ ఎక్కించే రోజుల్లో నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మాత్రలు, గ్యాస్‌కని పాంటాప్రజోల్ లాంటివి, కోట్రైమాక్సజోల్, పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్స్ సొంతంగా వేసుకోకూడదు. ఇవి మెథోట్రెక్సేట్ బయటికి పోకుండా అడ్డుపడతాయి. ఊపిరితిత్తుల చుట్టూనో పొట్టలోనో నీరు ఉంటే ముందే చెప్పాలి. మందు అందులో దాక్కుని రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది.

రెండు సైకిళ్లకే (కీమో విడతలకే) గడ్డ పోయింది. ఇక ఆపేయొచ్చా?

వద్దు. స్టెరాయిడ్ కథలో చూశారుగా, కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. మొదటి దశ కీమో పూర్తిచేసి, ఆ తర్వాత మిగిలిన కణాల కోసం రెండో దశ ఉంటుంది. అక్కడే అసలు నిర్ణయం.

ఒక దారి సొంత మూలకణాల మార్పిడి. "స్టెమ్ సెల్స్ మెదడులో పెడతారా?" అని చాలామంది అడుగుతారు. కాదు, మెదడును ఎవరూ ముట్టుకోరు. పేషెంట్ రక్తం నుంచే మూలకణాలు తీసి గడ్డకట్టించి దాస్తారు. థయోటెపా ఉన్న అతి భారీ కీమో ఇస్తారు. దాంతో మజ్జ ఖాళీ అవుతుంది కాబట్టి దాచిన కణాలను రక్తం ఎక్కించినట్టు తిరిగి ఎక్కిస్తారు. అవి నిలదొక్కుకోవడానికి పట్టే దాదాపు రెండు వారాలు ఇన్ఫెక్షన్ భయం.

రెండో దారి తల మొత్తానికి రేడియేషన్. జబ్బును బాగానే అదుపు చేస్తుంది. కానీ 60 దాటినవాళ్లలో, ముఖ్యంగా మెథోట్రెక్సేట్ తర్వాత ఇస్తే, నెలలు, ఏళ్లు గడిచాక జ్ఞాపకశక్తి తగ్గడం, నడక తడబడటం, మూత్రం ఆపుకోలేకపోవడం వస్తాయి. జబ్బు లేదు గానీ మనిషి కూడా పూర్తిగా లేడు అనిపించే స్థితి అది. నేను చూశాను, అందుకే వేరే దారి ఉన్నప్పుడు ఇది రెండోదిగానే చెబుతాను. కీమోకు లొంగినవాళ్లకు 23.4 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలత) తక్కువ మోతాదు రేడియేషన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. మార్పిడిని తట్టుకోలేనివాళ్లకు ఇంకొన్ని సైకిళ్ల కీమో ఇస్తారు, లేదా మాత్రలతో కొనసాగిస్తారు.

అమ్మకు 76. ఈ వయసులో ఇవన్నీ ఎందుకు?

వయసు అంకె ఒక్కటే చూసి వదిలేయకండి. కిడ్నీలు, గుండె, జబ్బుకు ముందు ఆమె ఎలా తిరిగేవారు అన్నది చూడాలి. మోతాదు తగ్గించి మెథోట్రెక్సేట్, రిటుక్సిమాబ్‌లకు ప్రోకార్బజీన్ లేదా టెమోజోలోమైడ్ జోడిస్తే తట్టుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మంచాన పడి వచ్చినవాళ్లు మొదటి సైకిల్ తర్వాత లేచి నడవడం ఈ జబ్బులో వింత కాదు. మొదటి సైకిలే అన్నిటికన్నా ప్రమాదకరం కూడా. ఎంతవరకు వెళ్లాలన్నది ముందే అనుకోండి. చికిత్స వద్దనుకుంటే లక్షణాలకు ఉపశమనమిచ్చే వైద్యం ఉంది, అదీ వైద్యమే.

ఎంతకాలం బతుకుతారు?

చికిత్స లేకపోతే వారాలు, కొద్ది నెలలు. ఒక్క రేడియేషన్‌తో సరిపెట్టిన రోజుల్లో చాలామంది ఏడాది, ఏడాదిన్నర దాటేవారు కాదు. పైన చెప్పిన ఐఈఎల్‌ఎస్‌జీ32లో మ్యాట్రిక్స్ తీసుకున్నవాళ్లలో ఏడేళ్ల తర్వాత 56 శాతం మంది బతికే ఉన్నారు. అధ్యయనాల్లోకి కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లే వస్తారన్నది గుర్తుపెట్టుకుని ఈ అంకె చదవాలి. వయసు, రోజువారీ పనులు చేసుకోగల శక్తి, ఈ రెండూ ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి.

మళ్లీ వస్తే?

వస్తుంది, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో. అందుకే ఆ రెండేళ్లు మూడు నెలలకోసారి ఎమ్మారై, తర్వాత దూరం పెంచుతారు. మొదటిసారి మెథోట్రెక్సేట్ బాగా పనిచేసి చాలాకాలం ఆగి ఉంటే మళ్లీ అదే పనిచేయవచ్చు. ఇబ్రుటినిబ్, లెనలిడోమైడ్ వంటి మాత్రలు, ఇంతకుముందు చేయకపోతే మార్పిడి, రేడియేషన్, కొన్నిచోట్ల కార్-టీ (పేషెంట్ సొంత రోగనిరోధక కణాలనే మార్చి ఎక్కించే చికిత్స) ఉన్నాయి. ఇబ్రుటినిబ్ లాంటిదే అయిన తిరాబ్రుటినిబ్‌కు 2020లో జపాన్ అనుమతి ఇచ్చింది.

హెచ్‌ఐవీ ఉంటే చికిత్స వేరా?

హెచ్‌ఐవీ మందులు వెంటనే మొదలుపెట్టాలి, వీలైతే మెథోట్రెక్సేట్ కూడా ఇవ్వాలి. ముందుగా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఇన్ఫెక్షన్ కాదని తేల్చుకోవాలి, రెండూ స్కాన్‌లో ఒకేలా ఉంటాయి. అవయవ మార్పిడి అయినవాళ్లలో రోగనిరోధకతను అణిచే మందులు తగ్గించడమే మొదటి మెట్టు.

ఆయనకు చెప్పాలా, దాచాలా?

ఈ జబ్బు ఆలోచననే తినేస్తుంది. ఈ రోజు అర్థం చేసుకోగలిగిన మనిషి వచ్చే వారం సంతకం పెట్టలేకపోవచ్చు. తెలివిగా ఉన్నప్పుడే ఆయనకేం కావాలో అడగండి. పిల్లలు కావాలనుకునే వయసైతే కీమోకు ముందే వీర్యం లేదా అండాలు భద్రపరచడం గురించి మాట్లాడండి.

ఇంట్లో ఏం గమనించాలి?

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకండి, అర్ధరాత్రయినా ఆసుపత్రికి. ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమో అనుమానించాలి, ఈ జబ్బులో అది తరచే. నోట్లో పుళ్లు, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం కూడా ఫోన్ చేయాల్సిన సంగతులే. బండి తాళాలు మాత్రం కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోండి.

వేరే ఆసుపత్రికి వెళ్లాలంటే ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు. బయాప్సీ మైనపు బ్లాక్, స్లైడ్లు, స్టెరాయిడ్ మొదలుపెట్టకముందు తీసిన ఎమ్మారై సీడీ (కాగితం రిపోర్టు కాదు, సీడీయే), స్టెరాయిడ్ ఏ తేదీన మొదలై ఎప్పుడు ఆగిందో, ప్రతి సైకిల్‌లో మెథోట్రెక్సేట్ మోతాదు, ఆ తర్వాతి రోజుల రక్త స్థాయిలు. సీడీ ఇంట్లో కంప్యూటర్లో తెరుచుకుంటుందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. సగం సీడీలు ఖాళీగా వస్తుంటాయి.